శనివారం ఒక్కపొద్దు, కవగోయెలో కందగడ్డల జాతర | టోక్యో నుంచి ఒక్కరోజు ట్రిప్ రివ్యూ

నమస్తే అండి అందరికీ. ముందు ఈ క్లిప్ చూడండి. ట్రైన్లో నేను అమ్మకి ఒనిగిరి, అంటే జపాన్ వాళ్ళ అన్నం ముద్ద, ఇస్తున్నా, అమ్మ అందుకోకుండా నా మొహం వంక చూస్తోంది కదా, అప్పుడే అడిగింది, "ఇయ్యాల ఏం వారమే?" అని. నా గుండె జారిపోయింది. శనివారం! మా అమ్మకి నలభై ఏళ్ళుగా శనివారం ఒక్కపొద్దు. రాత్రి దాకా అన్నం ముట్టదు, బియ్యంతో చేసింది ఏదైనా సరే ఆమె దృష్టిలో అన్నం లెక్కే, గుడ్డూ నీసూ సంగతి చెప్పనే అక్కర్లేదు. నేనేమో ఆమెను జనం పొద్దంతా తినడానికే వెళ్ళే ఊరికి తీసుకెళ్తున్నా.

ఆ ఊరి పేరు కవగోయె. టోక్యో పక్కనే, సైతామా ప్రిఫెక్చర్‌లో ఉంటుంది. టోక్యోలోని ఇకెబుకురో స్టేషన్లో తోబు తోజో లైన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అరగంట, టికెట్ ఐదు వందల యెన్ల దరిదాపు. సీబు లైన్లో షింజుకు నుంచి వస్తే హోన్‌కవగోయె స్టేషన్లో దిగుతారు, అక్కణ్ణుంచి పాతబజారుకి నడక తగ్గుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు అది చూసుకోండి. మేము తోబులో వెళ్ళాం. బస్సు కోసం నిలబడ్డ క్యూ చూసి అమ్మే "నడుద్దాం పా" అంది. శనాదివారాల్లో వెళ్ళకండి అని ఇక్కడే చెప్పేస్తున్నా, మళ్ళీ మళ్ళీ చెప్పను.

నడుస్తూ ఉంటే కొట్ల ముందు బోర్డుల మీద అన్నీ ఒకటే బొమ్మ, ఊదా తొక్క, పసుపు కండ. అమ్మ ఒకచోట ఆగిపోయి, "ఏందే, ఇవి కందగడ్డలు గాదా?" అంది.

అవునండీ, కందగడ్డలే. కోస్తా వాళ్ళు చిలగడదుంప అంటారు, కొన్నిచోట్ల గెనుసుగడ్డ అంటారు, మా సిరిసిల్లలో కందగడ్డ. మహాశివరాత్రి వచ్చిందంటే బజారంతా ఇవే, ఉపవాసం వాళ్ళకి ఇంతకన్నా తిండి ఏముంది. కవగోయె వందల ఏళ్ళుగా ఈ గడ్డ మీదే బతికిన ఊరు! జపాన్లో ఒక్కపొద్దు మనిషిని తిండి టూరుకి తీసుకెళ్ళగలిగే ఊరు ఒకటుంటే అది ఇదేనేమో, అదీ నా తెలివి కాదు, వెంకన్న దయ.

ఈ గడ్డకీ ఊరికీ సంబంధం ఎట్లా కుదిరిందంటే, 1751లో ఈ ప్రాంతంలో సాగు మొదలైంది. అప్పట్లో, అంటే 1868 దాకా, టోక్యో పేరు ఎదో (Edo). కవగోయె నుంచి షింగాషి నది మీద పడవల్లో గడ్డలు ఎదోకి దిగేవి, అక్కడ వీధివీధికీ కాల్చిన గడ్డలు అమ్మే కొట్లు. ఆ కొట్ల వాళ్ళ బోర్డు చూడండి ఎంత గడుసుదో. జపనీస్‌లో చెస్ట్‌నట్ కాయని కురి అంటారు. కు రి అని విడదీస్తే తొమ్మిది రి, రి అంటే దూరం కొలత, సుమారు నాలుగు కిలోమీటర్లు. మొదట్లో వాళ్ళు బోర్డు మీద "ఎనిమిదిన్నర రి" అని రాసేవారట, అంటే మా గడ్డ చెస్ట్‌నట్ కంటే ఒక్క అర మెట్టే తక్కువ అని. తర్వాత ఎవరికో ధైర్యం ఎక్కువై "పదమూడు రి" అని రాశారు. ఎట్లాగంటే "కంటే" అనడానికి వాళ్ళ మాట యోరి, అది నాలుగు రి లాగా వినిపిస్తుంది. తొమ్మిదీ నాలుగూ పదమూడు, కాబట్టి చెస్ట్‌నట్ కంటే రుచి. పైగా ఎదో నుంచి కవగోయెకి దూరం కూడా పదమూడు రి అని చెప్పుకునేవారు. ఒక్క అంకెలో రుచీ, ఊరి అడ్రసూ! అందుకే ఇప్పటికీ అక్టోబరు 13 ఇక్కడ కందగడ్డ రోజు. ఇదంతా నేను అమ్మకి పది నిమిషాలు చెప్పాక ఆమె అన్న మాట: "గడ్డ అమ్మడానికి గింత లెక్కనా."

సరే, తిండి. ఈ వీడియోలో రేటింగ్ నేను ఇవ్వను, అమ్మ ఇస్తుంది. అమ్మ దగ్గర మూడే మార్కులు: మంచిగుంది, ఊకె, పైసలు దండగ.

మొదట గడ్డ చిప్స్. కందగడ్డని నిలువుగా, గడ్డ ఎంత పొడుగుంటే అంత పొడుగు, కాగితమంత పల్చగా కోసి నూనెలో వేయించి, కప్పులో పూలగుత్తిలాగా నిలబెట్టి ఇస్తారు. ఉప్పు చాలా తక్కువ. వేడిగా తింటే కరకర, ఐదు నిమిషాలు ఆగితే అంచులు మెత్తబడతాయి, కాబట్టి ఫోటోలు తీస్తూ కూర్చోకండి. అమ్మ రెండు ముక్కలు తిని, "కొంచెం కారం చల్లితేనా" అంది, కప్పు మాత్రం నాకు తిరిగి ఇవ్వలేదు. మంచిగుంది.

ఆ తర్వాత ఊదా రంగు సాఫ్ట్ క్రీమ్. ఇన్‌స్టాలో కవగోయె అని కొడితే మొదట కనిపించేది ఇదే. కొట్టు పేరు చెప్పను. ఇరవై ఐదు నిమిషాలు లైన్లో నిలబడ్డాం. రంగు అద్భుతం, నోట్లో పెడితే మామూలు వెనీలా, చివర్లో గడ్డ ఏదో దూరపు చుట్టంలాగా పలకరించి పోయింది. పైసలు దండగ, ఈ మార్కు నేనూ అమ్మా కలిసి ఇచ్చాం. ఇక్కడ ప్రతి కొట్టూ ప్రతి వస్తువులోనూ గడ్డ పెట్టేస్తుంది, పుడ్డింగు, కేకు, ఫ్రెంచ్ ఫ్రైస్, చివరికి బీరు కూడా. అన్నీ తినాలని పోతే పర్సూ పొట్టా రెండూ చాలవు. గడ్డ గడ్డలాగా కనిపించే తిండి కొనుక్కోండి, రంగు మాత్రమే కనిపించేదాన్ని వదిలేయండి, నా అనుభవంలో ఇది నూటికి తొంభై సార్లు పనిచేసింది.

ఇక అసలైంది. ఇమో కోయ్. ఉమోన్ అనే కొట్టు వాళ్ళది, ఊళ్ళో వాళ్ళకి రెండు మూడు చోట్ల కొట్లున్నాయి, బయట ఆవిరి పొగ చూసి పట్టేయొచ్చు. అరచేతిలో పట్టేంత తెల్లటి కుడుము, దాన్ని సగానికి చీలిస్తే కింద బొటనవేలంత మందం గుండ్రటి కందగడ్డ ముక్క, దాని మీద ఎర్ర అజుకి గింజల పూర్ణం, పైన సాగే తొడుగు. చూడగానే అమ్మ "పూర్ణం కుడుమే ఇది!" అని ఒక్కసారిగా ముప్పై ఏళ్ళు తగ్గిపోయింది. పూర్ణంలో తీపి మన బొబ్బట్టు కంటే తక్కువ, యాలకులు లేవు, నెయ్యి లేదు, కానీ ఆ గడ్డ ముక్క ఉంది చూశారూ, బాగా ఉడికి, పొడిపొడిగా, నాలుక మీద పిండిలాగా విడిపోయి, మధ్యలో ఆ పూర్ణంతో కలిసి... నేను రెండు తిన్నా. అమ్మ కూడా ఒకటిన్నర.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఈ సాగుడేంటి? ఫోన్లో చూస్తే తొడుగు యామయిమో అనే కొండగడ్డా, మోచి పిండీ కలిపి చేస్తారట. మోచి పిండి అంటే బియ్యం. జిగురు బియ్యం! నేను ఫోన్ పట్టుకుని అట్లాగే నిలబడ్డా. చెప్పాలా వద్దా? చెప్పేశా. అమ్మ ఒక నిమిషం ఏమీ అనలేదు, చెయ్యి తుడుచుకుంది, "జిగట తగిలినప్పుడే అనుకున్న. తెల్వక తిన్నది నాకు అంటదు, తెల్వకుండ పెట్టింది నీకు చుట్టుకుంటది" అంది. తర్వాత వెంటనే, "అయినా మంచిగుంది" అని మార్కు కూడా వేసింది.

మీ ఇంట్లో కూడా పట్టింపులున్న పెద్దవాళ్ళుంటే ఇది గుర్తుపెట్టుకోండి. ప్యాకెట్ తిండి మీద గుడ్డు, పాలు, గోధుమ ఉంటే తప్పనిసరిగా రాస్తారు, తమాగో అంటే గుడ్డు. జెరాచిన్ అని కనిపిస్తే జెలటిన్, అంటే జంతువులది. కానీ బియ్యం అలర్జీ లిస్టులో ఉండదు, పైగా రోడ్డు మీద వేడివేడిగా చేతిలో పెట్టేదానికి చాలాసార్లు లేబులే ఉండదు. నోరు తెరిచి అడగడమే. దాంగో కూడా అంతే, పుల్లకి గుచ్చిన ఉండలు, సోయా సాస్ పూసి బొగ్గుల మీద కాలుస్తారు, ఇక్కడివి తియ్యగా ఉండవు, ఉప్పగా ఉంటాయి. అవి బియ్యప్పిండివి. ఈసారి ముందే చెప్పేశా, అమ్మ వాసన మాత్రం చూసింది.

ఇప్పుడు వీధి చూడండి. రెండు పక్కలా నల్లటి బరువైన గోడలు, లావు పెంకులు, కిటికీ తలుపులే అడుగు మందం ఉంటాయి. కురాజుకురి అంటారు ఈ కట్టడాన్ని. 1893లో ఊళ్ళో పెద్ద అగ్నిప్రమాదం, ఊరిలో మూడో వంతుకు పైగా కాలిపోయింది. మట్టిగోడల గోదాములాంటి కొట్లు కొన్ని మాత్రం నిలబడ్డాయి, అందులో 1792 నాటి ఓసావా వాళ్ళ ఇల్లు ఇప్పటికీ ఉంది. అది చూసి వ్యాపారులందరూ మళ్ళీ కట్టేటప్పుడు ఇట్లా కట్టుకున్నారు. కాబట్టి మీరు ఫోటోల్లో చూసే ఈ ఎదో కాలం వీధిలో చాలా భాగం ఎదో కాలానిది కానే కాదు, ఆ మంట తర్వాతది. ఫుట్‌పాత్ సన్నం, మధ్యలో కార్లు, బస్సులు, చేతిలో ఐస్‌క్రీమ్ పట్టుకుని వెనక్కి నడుస్తూ సెల్ఫీ తీసుకునే పిల్లలు. నాకైతే అందం కంటే టెన్షనే ఎక్కువ అనిపించింది.

గంటస్తంభం, తోకి నో కానే, ఆ పక్క సందులోనే. చెక్కది, సుమారు 16 మీటర్ల ఎత్తు, ఇప్పుడున్నది మంట తర్వాత ఏడాది 1894లో కట్టింది. రోజుకి నాలుగుసార్లు మోగుతుంది, పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, మూడు, సాయంత్రం ఆరు. మేము మూడింటిది కోసం నిలబడ్డాం. మోగింది. అమ్మ పైకి చూసి, "ఎవ్వరు కొడ్తలేరు గదనే?" అంది. యంత్రం అమ్మా అంటే, "గుళ్ళె కూడ గదే పెట్టిన్రు మనకాడ" అంది. అయిపోయింది గంట సంగతి.

కానీ ఆ తర్వాత ఒక బట్టల కొట్లోకి వెళ్ళాం చూడండి, అక్కడ నా ప్లానంతా గల్లంతు. మా అమ్మ సిరిసిల్ల మనిషి, మా తాత మగ్గం నేశాడు, ఇంట్లో సాంచెల చప్పుడులో పెరిగింది. బట్ట చేతిలోకి వస్తే ముందు అంచు చూస్తుంది. తెనుగుయి అని, పల్చటి నూలు గుడ్డ, మన కండువాలో సగం ఉంటుంది, బొమ్మలు అద్దినవి, గోడకి వేలాడదీసుకుంటారు, మొహం తుడుచుకుంటారు, తలకి కట్టుకుంటారు. అమ్మ ఒకటి తిప్పి చూసి పక్కన పెట్టేసింది. "కొస కుట్టలే. ఖరాబు మాల్ అంటగడ్తున్నరు." నేను కొట్లో ఆమెను అడిగితే నవ్వి చెప్పింది, కావాలనే కుట్టరట, కుట్టు ఉంటే అక్కడ తడి ఆగుతుంది, లేకపోతే తొందరగా ఆరుతుంది, మొదట్లో నాలుగు ఉతుకుల దాకా దారాలు వస్తాయి, తర్వాత అదే ఆగిపోతుంది అని. అమ్మ మళ్ళీ చేతిలోకి తీసుకుని, కొస దగ్గర ఒక పోగు లాగి, గోటితో నొక్కి, "నిజమే, ఆగుతది" అంది.

అక్కడే లోపల షెల్ఫ్‌లో సన్న చారల నూలు బట్ట ఉంది, ముదురు నీలం మీద ఎరుపు, లేత గోధుమ రంగు గీతలు. దాని పేరు కవగోయె తోజాన్. అమ్మ దాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూసింది. నాకు ఈ విషయం ముందే కొంచెం చదివి తెలుసు, చెప్పడానికి ఎదురుచూస్తూ ఉన్నా. ఈ చారల బట్ట అసలు జపాన్‌ది కాదు. ఒకప్పుడు మన కోరమాండల్ తీరం నుంచి ఓడల్లో వచ్చిన నూలు బట్ట. దాన్ని జపాన్లో సాంతోమె అనేవారు, మన మద్రాసులో శాంథోమ్ ఉంది కదా, మైలాపూర్ పక్కన, ఆ పేరే అది. ఎదో జనం దాని మీద మోజు పడ్డారు. 1859లో జపాన్ విదేశీ వ్యాపారానికి రేవులు తెరిచాక బయటి నుంచి సన్నటి నూలు దొరకడం మొదలైంది, అప్పుడు కవగోయె వ్యాపారులు ఆ నూలు తెప్పించి అచ్చం అట్లాంటి చారలే ఇక్కడ నేయించి అమ్మారు, అదే కవగోయె తోజాన్ అయింది. అమ్మ నేను చెప్పింది మొత్తం విని, బట్ట వెనక్కి తిప్పి, "రెండు దిక్కుల ఒక్కతీరే ఉంది, మంచి నేత" అంది. ధర చూసి బుద్ధిగా మడిచి ఎక్కడిదక్కడ పెట్టేసింది. తెనుగుయి రెండు కొన్నాం.

మిగతా కొట్లు తొందరగా చెప్పేస్తా. కత్తుల కొట్టు బాగుంది, అమ్మ కత్తిపీట అడిగింది, లేదు. చాప్‌స్టిక్స్ మీద పేరు చెక్కించుకోవచ్చు, గిఫ్ట్‌కి ఓకే. బొమ్మల కొట్లు, క్యారెక్టర్ కొట్లు టోక్యోలోనూ ఉన్నాయి, వాటికోసం ఇంత దూరం రావక్కర్లేదు. తీపిలో కాస్త పద్ధతైన గిఫ్ట్ కావాలంటే కమెయా ఉంది, 1783లో మొదలైన కొట్టు, కమె అంటే తాబేలు, తాబేలు ఆకారంలో మొనాకా చేస్తారు, కరకరలాడే తొడుగులో పూర్ణం. ఆ తొడుగు కూడా బియ్యమే, అమ్మ అప్పటికి ఆ కొట్టు వైపే చూడటం మానేసింది.

చివరగా కాషియా యోకొచో, మిఠాయిల సందు. రాళ్ళు పరిచిన చిన్న సందు, రాళ్ళ మధ్య రంగు గాజు ముక్కలు. 1923లో టోక్యోని భూకంపం దెబ్బతీశాక అక్కడి మిఠాయి కొట్లు కూలిపోయాయి, సరుకు ఇక్కణ్ణుంచే పోయేది, ఆ తర్వాతి రోజుల్లో ఇక్కడ డెబ్భై దాకా కొట్లుండేవట, ఇప్పుడు ఇరవై పైచిలుకు. పిల్లలు చిల్లర పట్టుకుని బుట్టలు నింపుకుంటున్నారు. ఒక సీసాలో నిమ్మతొనల్లాంటివి కనిపించాయి, నేను చిన్నప్పటి కిరాణా కొట్టు ముందు నిలబడ్డట్టే నిలబడ్డా. తమరికి సెయికా అని 1914 నాటి కొట్టు, చేత్తో చేసే చక్కెర బిళ్ళలు, లోపల పువ్వో బొమ్మో ఉంటుంది. రంగురంగుల పాకం కడ్డీలు పేర్చి ఒక్క దుంగ చేసి, దాన్ని సన్నగా సాగదీసి ముక్కలు కొడతారు, ఎక్కడ కొట్టినా అదే పువ్వు. పాకాన్ని సాగదీయడం అనగానే అమ్మ, "జీళ్ళు చేసినట్టే, మేకుకేసి గుంజినట్టు" అంది. సరిగ్గా అదేనండి. వేములవాడ జాతరలో చూసిన పనే.

ఈ సందు హీరో మాత్రం ఫుగాషి. గోధుమ జిగురుని ఉబ్బించి కాల్చి, నల్లబెల్లం లాంటి చక్కెర పూస్తారు. మాత్సురికు సెయికా అనే కొట్లో అమ్మేది 95 సెంటీమీటర్ల పొడుగు. సుమారు మీటరు! చేతిలో పట్టుకుంటే బరువే లేదు, కొరికితే లోపల ఏమీ లేదు, గాలికి బెల్లం పూసినట్టు. రుచి? ఊకె. కానీ కొనండి, తినడానికి కాదు, మోయడానికి. అమ్మ దాన్ని చేతికర్రలాగా పట్టుకుని స్టేషన్ దాకా నడిచింది, దారిలో ముగ్గురు జపాన్ ముసలమ్మలు ఆమెను చూసి నవ్వి తలవంచి దణ్ణం పెట్టారు. భాష రాని మనిషికి ఇంతకన్నా మంచి పరిచయం ఏముంటుంది.

మూడు పనికొచ్చే మాటలు. చిన్న కొట్లలో చాలాచోట్ల నగదే, చిల్లర పెట్టుకోండి. చెత్తబుట్టలు దాదాపు కనపడవు, కొన్న కొట్టు ముందే తిని పుల్లా కప్పూ వాళ్ళకే ఇచ్చేయండి, లేకపోతే మాలాగా సాయంత్రం దాకా బ్యాగులో జిగురు కాగితాలు మోయాల్సిందే. ఐదు దాటితే చాలా కొట్లు మూసేస్తారు, కాబట్టి పదింటికల్లా చేరండి.

వచ్చేటప్పుడు స్టేషన్ దారిలో కూరగాయల కొట్లో పచ్చి కందగడ్డలు ఒక సంచి కొన్నాం. రాత్రి అమ్మ దేవుడికి దీపం పెట్టి, కుక్కర్లో వాటిని రెండు విజిల్స్‌కి ఉడకబెట్టి, తొక్క తీసి ఉప్పు అద్దుకుని తింది, అన్నం కంటే ముందు. నేను కెమెరా పెట్టి మార్కు అడిగితే, "గడ్డకు మార్కేందే" అంది. ఫుగాషి మాత్రం ఇకెబుకురో రద్దీలో మధ్యకి విరిగింది, మిగిలిన అర మీటరు మా గుమ్మం దగ్గర గొడుగుల స్టాండులో నిలబెట్టాం, ఇంటికి ఎవరొచ్చినా అమ్మ తలా ఒక ముక్క విరిచి ఇస్తోంది.